తొలిచూపు వాయింపు

గుంటూరు ప్రాంతమునుండి ఒక సోదరి వ్రాసిన లేఖ యీ మాసపు వ్యాసమునకు కారణమైనది. ఆమె కుమార్తెకు ఇరువదిమూడేండ్లు. పదునైదవ యేట గిటారు పట్టినది. పాట నొకమారు విన్నచో రెండవమారు వాయింపగలదట. పెండ్లివేడుకలలోను, కళాశాల సభలలోను వాయించి నాలుగు రూకలు సంపాదించి తల్లిచేతికి తెచ్చి యిచ్చుచున్నది. ఇటీవల విదేశములకు బోవు నొక విహారనౌకలోని వాద్యబృందమునకు గిటారు వాయించువారు కావలెనని తెలిసి పరీక్షకు వెళ్లినది. అక్కడివారు పాట యేదియు వినిపింపలేదు. ఒక కాగితము ఎదుట నుంచి, ఒక్క క్షణము చూచుకొమ్మని, వెంటనే వాయింపుమనిరి. ఆ బాలిక నాలుగవ బారుకడ ఆగిపోయెను. “చూచిన వెంటనే వాయించుట పుట్టుకతో రావలసిన విద్యయా? ఈ వయస్సున నేర్చుకొనవచ్చునా? లేక యీ ఆశ మాన్పించి బ్యాంకు పరీక్షలకు చదివింపుమందురా?” అని ఆ తల్లి మమ్ము అడుగుచున్నది.

పుట్టుకతో వచ్చునది కాదు. మొదటి ప్రశ్నకు మా సమాధానము ఇంతే. ఇది గానప్రతిభ వంటిది కాదు; చదువను నేర్చుటవంటిది. అక్షరములు కూడబలుకుకొను పిల్ల పదేండ్లకు వార్తాపత్రిక గడగడ చదువునట్లే, స్వరలిపిని కూడబలుకుకొను చేయి కొంతకాలమునకు గడగడ వాయింపగలదు. ఐనను గిటారు విషయమున ఈ చదువు తక్కిన వాద్యములకంటె కష్టమైనది. ఎందుచేత కష్టమో తెలిసినగాని ఎట్లు నేర్వవలెనో తెలియదు గనుక, ముందుగా అది చెప్పెదము.

మన యిండ్లలో వీణ నేర్చిన సోదరీమణులు అనేకులు గలరు. వారికి ఈ సంగతి సులభముగా బోధపడును. వీణమీద మధ్యస్థాయి షడ్జము సారణితంత్రిని మెట్టు నొక్కకయే మీటినచో పలుకును. అదే షడ్జము పంచమతంత్రిమీద 5వ మెట్టున పలుకును. మంద్రతంత్రిమీద 12వ మెట్టున పలుకును. అనుమంద్రతంత్రిమీద 17వ మెట్టునను పలుకును. స్వర మొక్కటే, చోటులు నాలుగు. గిటారునకు తంత్రులు ఆరు. దాని మొదటి తంత్రిని ఊరక మీటిన వినవచ్చు స్వరమే రెండవ తంత్రి 5వ మెట్టునను, మూడవదాని 9వ మెట్టునను, నాలుగవదాని 14వ మెట్టునను, అయిదవదాని 19వ మెట్టునను వినవచ్చును. పియానో వాయించువారికి ఈ చిక్కు లేదు. కాగితముమీద ఒక చుక్క, పియానోమీద ఒక మీట, అంతటితో సరి. గిటారు వాద్యకారిణి చుక్కను చూచి స్వరమును గుర్తించిన తరువాత, “దీనిని ఎక్కడ వాయింతును?” అని మరియొకమారు ఆలోచింపవలెను. ఆ ఆలోచనకు కాలమెంత? తాళము ఎవరికొరకును నిలువదు.

ఆ చోటు గూడ ఆ యొక్క స్వరమును చూచి నిర్ణయింపదగినది కాదు. వీణపై చేయి మెట్లవెంట జారుచు పోవును. గిటారుపై చేయి ఒకచోట నిలిచి, నాలుగు వ్రేళ్లతో నాలుగు మెట్లను కప్పి, ఆ చోటనే ఆరు తంత్రులకు అడ్డముగా మెలగును. చూపుడువ్రేలు 5వ మెట్టుకడ నుంచినచో, చేయి కదలకయే రెండు స్థాయిలకు పైబడిన స్వరములు అందును. కావున తరువాతి నాలుగైదు బారులలో పాట ఎంత పైకి పోవునో, ఎంత క్రిందికి దిగునో ముందే చూచుకొని, చేతికి చోటు ఏర్పరచుకొనవలెను. మా గుంటూరు బాలిక నాలుగవ బారుకడ ఆగినదనగా, స్వరము తెలియక ఆగినదని మేమనుకొనము. చేయి తప్పుచోట నుండుటచేత ఆగియుండును.

దీనికి తోడు గిటారు చరిత్ర గూడ దానికి పగయే అయినది. ఐరోపా ఖండమున 16వ శతాబ్దమునుండియు తంత్రీవాద్యములు వాయించువారు స్వరలిపికి బదులు మెట్ల గుర్తులనే వ్రాసికొనెడివారు. తంత్రుల కొక్కొక్క గీత గీచి, ఏ మెట్టు నొక్కవలెనో ఆ గీతపై అంకెగాని అక్షరముగాని వేయుదురు. నేటి పిల్లలు కంప్యూటరులో చూచి నేర్చుకొను ‘ట్యాబు’ ఆ వంశములోనిదే. అది మంచి ఉపాయమే. చేయి ఎక్కడ పెట్టవలెనో చెప్పును. కాని ఆ స్వరమును ఎంతసేపు నిలుపవలెనో అనేకపర్యాయములు సరిగా చెప్పదు. పాట ముందే విని యుండిననే అది ఉపయోగపడును. వినని పాటకు అది కొరగాదు. అందుచేత గిటారు వాద్యకారులు చెవిచేత ఘనులును, కంటిచేత అల్పులును ఐనారు. పాశ్చాత్య వాద్యకారులలో ఒక హాస్యోక్తి కలదు: గిటారు మ్రోత తగ్గింపవలెనన్న, వాయించువాని ఎదుట స్వరలిపి పెట్టిన చాలునట!

మన సంగీతమునందును కాగితమునకు రెండవ స్థానమే. 1904లో ఎట్టయపురమున సుబ్బరామ దీక్షితులవారు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని ప్రకటించినపుడు, తెలుగు లిపిలో గమకములకుగూడ గుర్తులు వేసి ఎంతయో శ్రమపడిరి. ద్రవిడదేశమున అచ్చైన ఆ మహాగ్రంథము తెలుగు లిపిలో నుండుట మనకు గర్వకారణము. ఐనను దానిని ఎదుట పెట్టుకొని కచేరి చేయువారు లేరు. అది జ్ఞాపకమునకు ఆలంబనము. గురుముఖమున నేర్చినదానికి సాక్షి. కావున మన బాలికలు గిటారు చేపట్టినపుడు కాగితమును చూచి జంకుట సహజము. వారి తప్పు లేదు. కాని కొలువునకు పోవునపుడు ఆ కాగితమే మొదట ఎదురగును.

ఆ కాగితమును చదివి సంసారము నిలుపుకొన్న ఒక స్త్రీ చరిత్ర ఇచ్చట చెప్పదగియున్నది. కరోలు కే అను నామె 1935లో అమెరికాలోని వాషింగ్టను రాష్ట్రమునందలి ఎవరెట్టు పట్టణమున జన్మించెను. తండ్రి ట్రాంబోను వాయించును. తల్లి పియానో వాయించును. కుటుంబము కాలిఫోర్నియాకు తరలిపోయెను. కలిమి లేని యిల్లు. 1949లో, తన పదునాలుగవ యేటనే, ఆమె ఇతరులకు గిటారు పాఠములు చెప్ప నారంభించెను. రాత్రులు లాసు ఏంజెలీసు నగరములోని జాజ్ సంగీతశాలలలో వాయించెడిది. పిల్లలను పోషించు భారము ఆమెపై బడినది. 1957లో గాయకుడు శాం కుక్ పాట రికార్డింగునకు పిలుపు వచ్చినది. అది మొదలు స్టూడియో పనియే ఆమెకు జీవనాధారమైనది. 1963లో ఒకనాడు బాసు గిటారు వాయించువాడు రాకపోగా, ఆ వాద్యము నామె చేతి కిచ్చిరి. తరువాత ఆమె పేరు దానిమీదనే ఎక్కువ ప్రసిద్ధికెక్కెను. ఆమె వాయించిన రికార్డింగులు 10,000 వరకు నుండునని అంచనా వేసినారు.

ఆ స్టూడియోల పద్ధతి వినిన ఎవరికైనను గుండె దడదడలాడును. వాద్యకారుల సంఘమువారి నిబంధన ప్రకారము ఒక సెషను 3 గంటలు. ఆ 3 గంటలలో 15 నిమిషముల సంగీతమువరకు పూర్తిచేయవచ్చును. వాద్యకారులకు కాగితము ముందురోజు పంపరు. కుర్చీలో కూర్చున్న తరువాతనే యిత్తురు. గ్రామఫోను పాటలలోనైన తరచుగా స్వరసమూహముల పేర్లు మాత్రమే వ్రాసి, తక్కినది వాద్యకారుల ఊహకు వదలుదురు. సినిమా, టెలివిజను పనులలో అట్లు గాదు. ప్రతి స్వరమును వ్రాసియే యుంచుదురు. లాలో షిఫ్రిన్ సమకూర్చిన ‘మిషను ఇంపాజిబులు’ నాందీసంగీతము 1966లో వెలువడినది. అది బారునకు 5 లెక్కల తాళములో నడచును. మన ఖండచాపు తెలిసినవారికి 5 లెక్కలు పసిపిల్లల ఆట. నాలుగు లెక్కలకే అలవాటుపడిన అమెరికా వాద్యకారులకు మాత్రము అది చిన్న పరీక్ష కాదు. దాని బాసు గిటారు వాయించినది కరోలు కేయే.

ఆమె చుట్టును ఉన్నవారు దాదాపు అందరును పురుషులు. స్త్రీ గిటారు వాయించునని ఒకరు చెప్పినచో వినువారు చిరునవ్వు నవ్వు కాలమది. ఆ గదిలో ఆమెకు సిఫారసు చేయగలది రెండుమూడు గంటలు తప్పులేక సాగిన వాయింపు తప్ప మరేదియు లేదు. మేము ఈ విద్యను ఆడపిల్లలకు ముఖ్యముగా చెప్పుటకు కారణము ఇదే. ప్రతిభ యున్నదా లేదా యనుటలో ఒక్కొక్కరిది ఒక్కొక్క అభిప్రాయము. ఎదుటనున్న బారు సరిగా పలికినదా లేదా యనుటలో అభిప్రాయభేదమునకు చోటు లేదు. 2025లో అమెరికాలోని రాక్ సంగీత గౌరవమందిరమువారు ఆమెను సన్మానమునకు ఎన్నుకొనగా, తాను రానని ఆమె ప్రకటించెను. ఆ స్టూడియో వాద్యకారుల బృందమునకు లోకము పెట్టిన ‘రెకింగు క్రూ’ అను పేరు ఆమెకు మొదటినుండియు గిట్టదు. ఆ పట్టుదల మాకు నచ్చినది, నచ్చనివారును ఉండవచ్చును.

అదే నగరమున అదే కాలమున పనిచేసిన టామీ టెడెస్కో (1930–1997) అను గిటారు విద్వాంసుడు ‘గిటారు ప్లేయరు’ పత్రికలో నెలనెలయు ఒక శీర్షిక వ్రాసెడివాడు. తాను వెళ్లిన సెషనులో తన ఎదుటికి వచ్చిన కాగితము ఎట్టిదో అందులో దాపరికము లేక చెప్పెడివాడు. మాండలిను, బాంజో మొదలగు వాద్యములు కావలెనన్నచో, వాని తంత్రులను గిటారువలెనే శ్రుతిచేసికొని వాయించెడివాడట! శుద్ధవాదులు దీనికి ముక్కు విరువవచ్చును. కాని ఎదుటి కాగితమును చదువుటకు కంటికి తీరిక కావలెనన్న, చేయి తెలిసిన దారినే నడువవలెను గదా.

ఇక కఠినమైన కాగితమును చూచి వాయించువారు ఏమి చేయుదురో చూతము. వారు మొదటి స్వరమునుండి చదువుకొనుచు పోరు. చేతిలోనున్న అర నిమిషములో ముందుగా తాళమేదో, షార్పులు ఫ్లాటులు ఎన్నో చూతురు. నడుమ తాళముగాని శ్రుతిగాని మారునా యని వెదకుదురు. పిమ్మట దారి చూతురు: ఎక్కడనుండి వెనుకకు మరలవలెను, రెండవమారు ఎక్కడికి దాటిపోవలెను అను గుర్తులు. స్వరము తప్పినవాడు మరుసటి బారులో కలియవచ్చును. దారి తప్పినవాడు మాత్రము మొత్తము వాద్యబృందములో ఒంటరియగును. తరువాత మిక్కిలి పైనున్న స్వరమును, మిక్కిలి నల్లగా చుక్కలు క్రిక్కిరిసిన బారును చూతురు. ఆ బారునకు చేతిచోటు నిర్ణయించి, అక్కడికి ఎట్లు చేరవలెనో వెనుకకు ఆలోచించుకొందురు. తేలికయైన బారులను చూడనే చూడరు.

స్వరసమూహముల సంగతి వేరు. పియానో మాత్రమే తెలిసిన రచయితలు ఒకదానిపై నొకటి అయిదారు చుక్కలు పేర్చి వ్రాయుదురు. పది వ్రేళ్లకు అది సులభము, గిటారుపై నాలుగు వ్రేళ్లకు అసాధ్యము. అనుభవజ్ఞులు దానిని చూచి కంగారుపడరు. పైస్వరమును నిలిపి, ఆ సమూహమునకు ప్రాణమైన రెండు మూడు స్వరములను పట్టుకొని, తక్కినవి విడిచెదరు. విడిచినవానిని ప్రక్కనున్న పియానోయో వయోలినులో ఎట్లును పలుకుచునే యుండును. ఇది మోసము కాదు. ఏది విడువవచ్చునో తెలిసికొనుటయు చదువులో ఒక భాగమే.

అన్నింటికంటె ముఖ్యమైనది ఆగకుండుట. పంక్తిలో వడ్డించునపుడు ఒక విస్తరిలో అప్పడము మరచితిమని వెనుకకు మరలినచో, వెనుక వచ్చు పప్పుగిన్నె, నేతిగిన్నె అన్నియు ఆగిపోవును. మరచినది మరచినట్లే విడిచి ముందు విస్తరికి నడువవలెను. ఒంటరిగా గదిలో సాధన చేయు బిడ్డలకు దీనికి సరిగా వ్యతిరేకమైన అలవాటు పట్టువడును. తప్పు వచ్చిన చోట ఆగుట, వెనుకకు పోవుట, దిద్దుకొని మరల వాయించుట. పాట నేర్చుకొనుటకు అది మంచి పద్ధతియే. చూచి వాయించుటకు మాత్రము విషము. ఆ రెండు సాధనలను వేరువేరు వేళలయందు చేయవలెను.

కన్ను చేతికంటె ముందు నడువవలెను. రామాయణము బిగ్గరగా చదివి వినిపించు పెద్దమ్మను గమనింపుడు. నోరు ఒక పాదమున ఉండగా కన్ను రెండవ పాదమున ఉండును; కావుననే ఆమె సమాసము నడుమ తెగగొట్టదు. ఇది అలవడుటకు ఒక ఉపాయము కలదు. తల్లియో తమ్ముడో ప్రక్కన కూర్చుండి, వాయించుచున్న బారును ఒక అట్టముక్కతో కప్పుచు పోవలెను. సంగీతము తెలియనివారును ఈ సహాయము చేయవచ్చును. మొదటి దినములలో కోపము వచ్చును; తరువాత నవ్వు వచ్చును.

దినమునకు 20 నిమిషములు చాలును. అయితే ఒక్కదినమును తప్పరాదు. ప్రతిదినమును క్రొత్త పుట కావలెను. అది తన శక్తికంటె రెండు మెట్లు తేలికయైనదై యుండవలెను. గిటారు పట్టుటకు ముందు ఆ పుటను తాళము వేయుచు లయమాత్రము నోటితో పలుకవలెను. తప్పులలో అధికభాగము లయలోనివే గాని స్వరములోనివి కావు. పిమ్మట మెట్రోనోమును మిక్కిలి నెమ్మదిగా పెట్టి, చేతివంక చూడక, మొదటినుండి తుదివరకు ఒక్కమారు వాయింపవలెను. చేయి తడబడిన స్వరములను విడిచివేయవలెనే గాని లెక్క విడువరాదు. రెండవమారు వాయింపరాదు. రెండవమారు వాయించినచో అది చదువు కాదు, జ్ఞాపకము. సోమవారము చేతిని 2వ మెట్టుకడ నిలిపి వాయించిన, మంగళవారము 5వ మెట్టుకడ, బుధవారము 7వ మెట్టుకడ నిలుపవలెను.

దినమున కొక క్రొత్త పుట యనగా పుస్తకములకు ఎంత వ్యయమగునో అని గృహిణులు శంకింపవచ్చును. గిటారు పుస్తకములే కానక్కరలేదు. క్లారినెట్ కొరకు వ్రాసిన అభ్యాసగ్రంథములు దీనికి చక్కగా సరిపోవును. క్లారినెట్ లిపిలో మిక్కిలి క్రింది స్వరము ఏదో, గిటారు లిపిలోను మిక్కిలి క్రింది స్వరము అదే. క్లెఫ్ గూడ ఒక్కటే. గిటారు తంత్రులు గిటారు రచయితను తమ అలవాటు దారులలోనికి లాగును. క్లారినెట్ రచయితకు ఆ తంత్రుల సంగతి తెలియదు గనుక, ఆ పుస్తకములలో చేతికి నిజమైన పరీక్ష యుండును. గ్రంథస్వామ్యము తీరిన పాత పుస్తకములు అంతర్జాలమున వెలలేక దొరకును. వారమున కొకనాడు తోడుగా ఒకరితో కలిసి వాయించుట మంచిది. ఆ రెండవవారు దయాళువులు కాకుండవలెను, ఆగినచో వేచియుండరాదు.

పరీక్షలను గురించి ఒక మాట. లండనులోని రాయలు సంగీత విద్యాలయముల సంయుక్తమండలి వారి పరీక్షలకు మన నగరములలో పిల్లలు అనేకులు కూర్చుందురు. వారి ప్రాక్టికలు పరీక్షలో 150 మార్కులకు 21 మార్కులు చూచి వాయించుటకే. కాగితము చూచుకొనుటకు అర నిమిషము ఇత్తురు. 2020లో వారు వేరొక విధమైన పరీక్షను ఏర్పరచిరి. అందు ఈ భాగము లేదు. నేర్చుకొన్న పాటలు వాయించిన చాలును. మార్కుల కొరకు తల్లిదండ్రులు రెండవదానిని కోరుట మే మెరుగుదుము. వేడుకకు నేర్చు పిల్లకు అది చాలును. కొలువు కోరు పిల్లకు మొదటిదే మేలని మా అభిప్రాయము.

ఆ కొలువులు మాత్రము ఎక్కడ నున్నవని అడుగుదురేమో. చెన్నపట్టణపు సినిమా స్టూడియోలలో ఈ విద్యకు ఒకప్పుడు గొప్ప గిరాకి యుండెను. ఇళయరాజాగారు ధనరాజ్ మాష్టరుకడ పాశ్చాత్య స్వరలిపి నేర్చి, ఇతర సంగీతదర్శకుల బృందములలో గిటారు వాయించి, 1976లో స్వయముగా సంగీతదర్శకులైరి. ‘సాగరసంగమము’ (1983), ‘గీతాంజలి’ (1989) మొదలగు తెలుగు చిత్రములలో మనము విన్న ఆ వాద్యమేళనమంతయు వాద్యకారుల ఎదుట లిపియై యుండినదే. కంప్యూటరు వచ్చిన తరువాత అట్టి పెద్ద మేళములు తగ్గినవి. దాచిపెట్టి ప్రయోజనము లేదు. విహారనౌకలలోను, సంగీతనాటకశాలలలోను, పెద్ద క్రైస్తవ ఆలయముల మేళములలోను ఇంకను పని కలదు. న్యూయార్కు బ్రాడ్వే నాటకశాలలలో శాశ్వత వాద్యకారుడు రానినాడు బదులు వాయించువారు ముందుగా పుస్తకము తెచ్చుకొని చదివి, ఒకనాడు ప్రక్కన కూర్చుండి చూచి, మరునాడు అభ్యాసము లేకయే ప్రేక్షకులయెదుట వాయింతురు. అచ్చట పాటకు పాటకు గిటారు మార్చవలసియుండును; పుట తిప్పుటకుగూడ చేయి తీరిక చూచుకొనవలెను. నౌకకొలువు నెలలతరబడి యింటికి దూరముగా నుంచునది. ఒప్పందపత్రమును తల్లియు కూతురును కలిసి చదువుకొని, జీతము, సెలవు, తిరుగుప్రయాణపు వ్యయము వ్రాతలో నున్నవో లేవో చూచుకొనవలెను. బ్యాంకు పరీక్షలు వ్రాయదలచినచో వ్రాయవచ్చును. దినమునకు 20 నిమిషములు దానికి అడ్డురావు.

ఇరువదిమూడేండ్లు ఆలస్యము కాదు. చెవి, చేయి రెండును సిద్ధముగా నున్న బిడ్డకు కన్నొకటియే మిగిలినది. ఒక సంవత్సరము విడువక సాధించి మరల పరీక్షకు పోవలెనని మా సలహా. పోవునపుడు గిటారు సంచిలో రెండు పెన్సిళ్లు, ఒక రబ్బరు వేసికొనవలెను. ఇచ్చిన అర నిమిషములో దారి గుర్తులకు సున్న చుట్టుట, చేయి మార్చవలసినచోట మెట్టు అంకె వేసికొనుట తప్పుకాదు. పెద్ద విద్వాంసులును అట్లే చేయుదురు. కలముతో మాత్రము వ్రాయరాదు. ఆ కాగితము రేపు మరియొకరి యెదుటికి పోవలసినది.